ఈ ఎండాకాలం ఒడిబియ్యం

ఆడపిల్ల తల్లిగారింటికి వెళ్ళాల్సింది ఎండాకాలంలోనే అని ఎవరు పెట్టారో గానీ, పెట్టినవాళ్ళు అమెరికా బడుల సెలవులు చూసి ఉండరు. తెలంగాణలో బడులకు ఏప్రిల్ 24 ప్రాంతంలో సెలవులిచ్చి జూన్ 12న తెరుస్తారు. మేముండే డాలస్ వైపు మే నెలాఖరుకు మూసి ఆగస్టు మధ్యలో తెరుస్తారు. అంటే మేం ఊళ్ళో దిగేసరికి రోహిణి కార్తె చివరికొస్తుంది, నాలుగు రోజులు తిరక్కముందే మృగశిర. మా అన్న కొడుకు బ్యాగు తగిలించుకుని బడికి పోతుంటే మా పిల్లలు అరుగు మీద కూర్చుని సెలవులొచ్చాయని గంతులేస్తుంటారు. మామిడికాయ తొక్కు అప్పటికే జాడీలకెక్కి ఉంటుంది. మామిడిపళ్ళు మాత్రం చివరి కోతవి నాలుగు దక్కితే దక్కినట్టు.

మాది చిలుకూరు. ఆ పేరు చెప్పగానే ఇక్కడి తెలుగువాళ్ళు కళ్ళు పెద్దవి చేసి "వీసా బాలాజీ గుడి మీ ఊళ్ళోనేనా!" అంటారు. కాదండీ, ఆ చిలుకూరు హైదరాబాదు పక్కన, మొయినాబాద్ దగ్గర. మాది సూర్యాపేట జిల్లా, కోదాడ నుంచి హుజూర్‌నగర్ పోయే దారిలో ఉంటుంది. వీసాలిచ్చే దేవుడు మా ఊళ్ళో లేడు. ఉంటే నాకు చాలా పనులు సులువయ్యేవి.

ఈసారి జూన్ మొదటి వారానికి టికెట్లు తీసుకున్నాం. వెళ్ళేది ఊరికే చూసి రావడానికి కాదు, నాకు ఒడిబియ్యం పోయించుకోవాల్సి ఉంది. అది ఎన్నేళ్ళుగా ఆగిందో, ఎందుకు ఆగిందో చెప్పాలంటే మా ఇంటి ఆడవాళ్ళు తల్లిగారిళ్ళకు ఎలా వెళ్ళారో మొదటినుంచీ చెప్పుకురావాలి.

ముందు ఈ ఎండాకాలం సంగతి. దీని కారణం పంచాంగంలో లేదు, పొలంలో ఉంది. నాగార్జునసాగర్ నీళ్ళు రాకముందు మా వైపు చెరువు కింద ఉన్న కాస్త వరి తప్ప మిగతాదంతా మెట్ట. జొన్న, కంది, ఆముదం. శివరాత్రి దాటి జొన్న ఇంటికొచ్చిందంటే మళ్ళీ తొలకరి దాకా పొలంలో పెద్ద పని ఉండదు. కోడలిని అత్తగారు వదలగలిగేది అప్పుడే. ప్రేమ కొద్దీ పంపేవాళ్ళని మనం అనుకుంటాం గానీ, పని లేదు కాబట్టి పంపేవాళ్ళు. ఒక నోటికి తిండి కూడా కలిసొస్తుంది కదా! అదీ తనంతట తాను పోవడానికి లేదు. తండ్రో తమ్ముడో వచ్చి అడగాలి, అత్తగారు సరేననాలి, అప్పుడు తోలుకపోవాలి. "పంపుతారా" అని అడగడం, "పంపుతాం" అనడం. ఆ మాట మా అమ్మ ఇప్పటికీ ఫోనులో వాడుతుంది, "అల్లుడుగారు పంపుతానన్నారా?" అని. టికెట్లు కొన్నది నేనేనని చెప్పినా అడుగుతుంది.

మా నాయనమ్మది జగ్గయ్యపేట పక్క ఊరు. ఇప్పుడైతే కోదాడ నుంచి కారులో పాట పూర్తయ్యేలోపు చేరతాం. ఆమె కోడలిగా చిలుకూరు వచ్చింది 1944లో, పన్నెండేళ్ళ పిల్ల. అప్పుడు జగ్గయ్యపేట కృష్ణా జిల్లాలో, ఇంగ్లీషువాళ్ళ పాలన కింద ఉంది. చిలుకూరు నైజాంలో ఉంది. మధ్యలో పాలేరు వాగు. వాగు ఇవతల రూపాయి వేరు, అవతల రూపాయి వేరు. ఇవతలిది హాలీ సిక్కా, అవతలిది కల్దారు. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్లు. మా నాయనమ్మకు బడి చదువు లేదు గానీ ఈ ఏడు-ఆరు లెక్క చనిపోయేదాకా నోటికి వచ్చు. పుట్టింటివాళ్ళు చేతిలో పెట్టిన డబ్బు అత్తగారింట్లో ఎంతవుతుందో ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి?

దీనికి తోడు కరోడ్‌గిరి నాకా. కరోడ్‌గిరి అంటే నిజాం ప్రభుత్వపు సుంకాల శాఖ. సరిహద్దు దాటి వచ్చే సరుకు మీద, పోయే సరుకు మీద పన్ను కట్టాలి. ఎడ్లబండి ఆపి మూటలు విప్పమనేవాళ్ళు. పుట్టింటి నుంచి తిరిగొచ్చే ఆడపిల్ల మూటలో ఏముంటుంది? కొత్త చీర, రవికె గుడ్డలు, పసుపు కుంకుమ, సారె కింద పెట్టిన అరిసెలు. అరిసెల జోలికి ఎవరూ పోరు గానీ కొత్త బట్టకు మాత్రం లెక్క అడుగుతారు. అందుకని నాయనమ్మ వాళ్ళమ్మ ఆమెకు రెండు కొత్త చీరలూ ఒకదాని మీద ఒకటి కట్టించి బండెక్కించేదట. మే నెల ఎండలో, గూడు బండిలో, రెండు చీరలు! "ఊపిరాడక చచ్చిపోయేదాన్ని, కానీ పైసా కట్టలేదు" అని చెప్పేటప్పుడు ఆ ముసలి మొహంలో గర్వం చూడాలి.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. ఈ సరిహద్దు గీత గీసినట్టు తిన్నగా ఉండేది కాదు. కోదాడకు పడమట ఉన్న మునగాల పరగణా, చుట్టూ నైజాం ఊళ్ళే ఉన్నా, కృష్ణా జిల్లా కిందకే వచ్చేది. కొమర్రాజు లక్ష్మణరావు గారు దివానుగా పనిచేసిన సంస్థానం అదే. కాబట్టి చిలుకూరు పిల్లను మునగాల వైపు ఇస్తే పక్క ఊరికి ఇచ్చినట్టూ అవుతుంది, పరదేశం ఇచ్చినట్టూ అవుతుంది. ఇప్పుడు మా అమ్మ "నిన్ను పరదేశం ఇచ్చుకున్న" అని కళ్ళు తుడుచుకుంటే నాకు మునగాల గుర్తొస్తుంది.

నాయనమ్మ వచ్చేసరికి మా ఊరికి చుట్టుపక్కల మంచి పేరు ఉంది. అంతకు మూడేళ్ళ ముందు, 1941లో, ఆంధ్ర మహాసభ ఎనిమిదో మహాసభ చిలుకూరులోనే జరిగింది. అధ్యక్షుడు రావి నారాయణరెడ్డి గారు. తర్వాత తెలంగాణ సాయుధ పోరాటం నడిపిన పెద్దల్లో ఆయనొకరని మీకు తెలిసిందే. చరిత్ర పుస్తకాల్లో మా ఊరి పేరు కనిపించేది ఈ ఒక్క సందర్భంలోనే. అయితే నాకు ఇష్టమైన సంగతి ఇంకొకటుంది. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగినప్పుడే దానితోపాటు మహిళా సభ కూడా పెట్టారు. దానికి నడింపల్లి సుందరమ్మ గారు అధ్యక్షురాలు. 1934లో ఖమ్మంలో ఎల్లాప్రగడ సీతాకుమారి గారు. ఆడపిల్లల చదువు, చిన్నతనపు పెళ్ళిళ్ళు, భర్త పోయిన ఆడవాళ్ళ బతుకు, ఇలాంటివి ఆ సభల్లో మాట్లాడేవాళ్ళు. నిజాం రాజ్యంలో, తెలుగులో సభ జరుపుకోవడమే కష్టమైన రోజుల్లో, ఆడవాళ్ళు నిలబడి ఈ మాటలు మాట్లాడారు. ఈ సంగతి పక్కన పెట్టుకోండి, దీనితో చివర పని ఉంది.

తర్వాత 1946 నుంచి తల్లిగారిల్లు మాటే మరిచిపోవాల్సిన రోజులు. ఇటు పోరాటం, అటు రజాకార్లు. 1947, 48 సంవత్సరాల్లో సరిహద్దు ఊళ్ళవాళ్ళు ఎందరో పిల్లాపాపలతో కృష్ణా జిల్లాలోకి వెళ్ళిపోయారు. మా వాళ్ళూ ఒక రాత్రి బండి కట్టారు. ఎక్కడికి? ఇంకెక్కడికి, నాయనమ్మ తల్లిగారింటికే. అత్త, మామ, ఆడబిడ్డ అందరూ కోడలి పుట్టింట్లో దిగారు. "మా అత్త మా అమ్మ చేతి కూడు ఆరు నెలలు తిన్నది. ఆ తర్వాత నన్ను పంపనని ఒక్కనాడూ అనలే" అనేది నాయనమ్మ. 1948 సెప్టెంబరులో బెజవాడ వైపు నుంచి ఇండియా సైన్యం ఆ దారినే హైదరాబాదు వైపు పోయింది. తర్వాత కొన్నేళ్ళలో నాకాలు పోయాయి, హాలీ సిక్కా పోయింది. 1956 నవంబరు 1న వాగుకు ఇరుపక్కలా ఒకే రాష్ట్రమైంది. నాయనమ్మ రెండు చీరలు కట్టుకోవాల్సిన పని తీరిపోయింది.

అమ్మది మిర్యాలగూడ దగ్గర. ఆమెకు సరిహద్దు బాధ లేదు గానీ ఇంకో చిక్కు వచ్చింది, నీళ్ళు. సాగర్ డ్యాముకు నెహ్రూ 1955 డిసెంబరు 10న పునాదిరాయి వేస్తే, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ, అంటే లాల్ బహదూర్ కాలువ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు పొలాలను తడిపింది. జొన్న తినేవాళ్ళం వరి తినడం మొదలుపెట్టాం. మిర్యాలగూడ చుట్టూ ఎన్ని రైస్ మిల్లులో లెక్కపెట్టలేం. కాలువ గురించి మాట్లాడే ప్రతి ఒక్కరూ ఇదంతా చెప్తారు. కానీ కాలువ మా అమ్మ సెలవులు తినేసిందన్న మాట ఎవరూ చెప్పరు. రెండు పంటలయ్యాక సంక్రాంతి తర్వాత నాట్లు, ఏప్రిల్‌లో కోతలు. ధాన్యం ఎండి బస్తాలకెక్కేసరికి మే నెల. నీళ్ళు వదిలితే మళ్ళీ నారుమళ్ళు. నాయనమ్మ రెండున్నర నెలలు ఉండి వచ్చేది, అమ్మకు పదిహేను రోజులు దొరికితే గొప్ప. ఆ పదిహేను రోజులు కూడా మా బడి సెలవుల పేరు చెప్పి సంపాదించుకునేది. "పిల్లలు అమ్మమ్మను కలవరిస్తున్నరు" అనేది నాన్నతో. మేం కలవరించింది అమ్మమ్మనో, అమ్మమ్మ ఊరి తాటిముంజలనో నాకిప్పటికీ అనుమానమే.

అమ్మ ఎర్ర బస్సులో వెళ్ళేది. చంకలో నేను, చేతిలో అన్న, నెత్తిన సంచి. నాన్న బస్సెక్కించి వెనక్కి తిరిగేవాడు. తోలుకపోవడానికి మామయ్య రావాలన్న పట్టింపు అప్పటికే సడలింది. ఒంటరిగా బస్సెక్కడం అమ్మకు పెద్ద సంగతి. అది ఆమె నోటితో ఎప్పుడూ చెప్పలేదు గానీ, బస్సు హుజూర్‌నగర్ దాటగానే ఆమె మాట మారేది, గొంతు పెరిగేది.

ఇక నేను. సుంకాలూ, నాకాలూ మళ్ళీ నా వంతుకొచ్చాయి. ఉద్యోగానికి వచ్చిన భర్త వెంట హెచ్-4 వీసా మీద వచ్చిన లక్షలమందిలో నేనొకదాన్ని. అమెరికా 1990 చట్టంతో హెచ్-1బి పెట్టింది. వాళ్ళ భార్యలకు పని చేసుకునే అనుమతి, అదీ కొందరికే, 2015 మే 26 నుంచి వచ్చింది. తెలుగువాళ్ళకు వీసా ముద్ర కోసం హైదరాబాదులో కాన్సులేటు తెరిచింది 2008లో, బేగంపేట పైగా ప్యాలెస్‌లో. అంతకుముందు మా పెద్దమ్మ కూతురు లాంటివాళ్ళు మద్రాసు రైలెక్కాల్సి వచ్చేది. 2023 మార్చిలో అది నానక్‌రామ్‌గూడకు మారింది. ఇవన్నీ ఎందుకు చెప్తున్నానంటే, ఇప్పుడు తల్లిగారింటికి ఎప్పుడు వెళ్ళాలో చెప్పేది జొన్న కోత కాదు, పాస్‌పోర్టులో ముద్ర. గడువున్నప్పుడు వెళ్ళాలి. లేకపోతే వెళ్ళాక ముద్ర పడేదాకా అక్కడే ఉండాలి. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 వాళ్ళందరి సోషల్ మీడియా ఖాతాలు కూడా చూడటం మొదలుపెట్టాక చాలామంది అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వెనక్కి పోయాయి. చుట్టపుచూపుకు వెళ్ళినవాళ్ళు అక్కడే చిక్కుపడ్డారు. మా వీధిలో ఈసారి మూడు కుటుంబాలు ప్రయాణం మానుకున్నాయి. నా ముద్రకు ఈ డిసెంబరు దాకా గడువుంది. అందుకే ఈ ఎండాకాలమే వెళ్ళాలి.

నాన్న 2021 మే నెలలో పోయారు. ఆ రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఇండియాలో రెండో విడత కరోనా, ప్రయాణాల మీద ఆంక్షలు. నా ముద్ర గడువు అయిపోయి ఉంది, వెళ్తే ఎప్పటికి తిరిగొస్తానో చెప్పేవాళ్ళు లేరు. పాపకు అప్పుడు ఎనిమిది నెలలు. నాన్నను వీడియోలో చూశాను. అంతకు ముందు ఏడాది మార్చిలో లాక్‌డౌను పెట్టినప్పుడు గరికపాడు దగ్గర, అదే పాలేరు వాగు దగ్గర, హైదరాబాదు నుంచి సొంత ఊళ్ళకు పోతున్న పిల్లలను ఆపేశారని టీవీలో చూపించారు. నాయనమ్మ బండి ఆగిన చోటే. 2014 జూన్ 2న అది మళ్ళీ సరిహద్దు అయిందన్న సంగతి నాకు అప్పటిదాకా పట్టలేదు.

ఒడిబియ్యం ఆనవాయితీ మా తెలంగాణలో అందరికీ తెలుసు. కోస్తా వైపు వాళ్ళ కోసం చెప్తాను. పెళ్ళైన ఆడపిల్లకు మూడో ఏటనో, అయిదో ఏటనో, ఇంటింటి పద్ధతిని బట్టి, తల్లిగారు ఒడి నింపుతారు. అల్లుణ్ణీ బిడ్డనూ పీటల మీద కూర్చోబెట్టి, కొత్త బట్టలు పెట్టి, పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, పసుపు కొమ్ములు, రవికె గుడ్డ ఆమె కొంగులో పోస్తారు. ముత్తైదువలు ఒక్కొక్కరూ వచ్చి దోసిలితో పోస్తారు. ఆ బియ్యం అత్తగారింటికి తీసుకెళ్ళి వండి చుట్టాలకు పెట్టాలి. నాకు మొదటిసారి 2015లో పోశారు. రెండోది 2020లో పోయాలనుకున్నారు. ఆ తర్వాత నాన్న పోవడం, ఏడాది సూతకం. 2023 డిసెంబరులో ముద్ర కోసం వెళ్ళినప్పుడు ధనుర్మాసం వచ్చేసింది, ఉన్నది మూడు వారాలు.

ఈ బియ్యం అమెరికా రాదు. ఖప్రా అనే ధాన్యపు పురుగు భయంతో మనలాంటి దేశాల నుంచి ప్రయాణికులు సామానులో బియ్యం తేవడానికి వీల్లేదు. 2011 నుంచి ఇదే రూలు. కొత్త చీర ఎంత మందంగా కట్టుకున్నా దీనికి ఉపాయం లేదు. కొట్లో మాత్రం మన బియ్యం బస్తాలు బస్తాలుగా దొరుకుతుంది. 2023 జులై 20న ఇండియా తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు మా ఊరి ఇండియన్ స్టోరు ముందు జనం బస్తాల కోసం ఎగబడ్డారు, మా ఆయన కూడా రెండు మోసుకొచ్చాడు. కాబట్టి నా ఒడిబియ్యం సూర్యాపేటలో మా అత్తగారింట్లోనే వండుతాం. అత్తమ్మ అప్పుడే ఎవరెవరిని పిలవాలో రాసిపెట్టింది.

ముహూర్తం కూడా చూశారు. ఈ పరాభవ సంవత్సరంలో జ్యేష్ఠం అధికమాసం వచ్చింది, అది జూన్ 15తో అయిపోతుంది. అధికమాసంలో వద్దంది అమ్మ. ఆ తర్వాత నిజ జ్యేష్ఠంలో, ఆషాఢం రాకముందే కానిస్తారు. అన్నీ కుదిరాయి. ఒక్కటే కుదరలేదు.

అమ్మ పోయనంటోంది.

"నేను పోయొద్దు బిడ్డా. అన్నా వదినా పోస్తరు, నేను లోపల ఉంటా" అంది, ఏదో పొయ్యి మీద పాలున్నాయని చెప్పినట్టు మామూలుగా. నాన్న ఉన్నప్పుడు వీధిలో ఎవరింట్లో ఒడిబియ్యమైనా మొదటి దోసిలి అమ్మదే. బియ్యంలో పసుపు ఎంత కలపాలో అడగడానికి ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. ఇప్పుడు సొంత బిడ్డ ఒడి నింపడానికి పనికిరాదట. 1944లో పన్నెండేళ్ళ పిల్ల కోడలిగా వచ్చిన ఊరది. ఇప్పుడు ఆ ఊళ్ళో ఎవరైనా పన్నెండేళ్ళ పిల్లకు పెళ్ళి చేస్తామంటే అమ్మే పోలీసులను పిలుస్తుంది. అది మారింది. ఇది మాత్రం ఎనభై అయిదేళ్ళ కింద సభ జరిగిన ఊళ్ళోనే అట్లాగే ఉంది. నా ఒడి నింపే చేతికి నాన్న ఉండటం లేకపోవడంతో సంబంధం ఏమిటో నాకు అర్థం కాదు. ఆ చేత్తోనే కదా నన్ను పెంచింది. మీ ఇళ్ళల్లో ఎలా చేస్తున్నారో నాకు తెలుసుకోవాలని ఉంది. మా కజిన్ ఒకామె అమ్మ చేతే పోయించుకుంది, ఏమీ కాలేదు. చుట్టాల్లో ఇద్దరు మూతి తిప్పుకుని మళ్ళీ భోజనానికి అందరికంటే ముందు కూర్చున్నారట.

అమ్మతో వాదించి లాభం లేదని మా వదినకు ఫోన్ చేశాను. వదిన కోదాడ పిల్ల, తక్కువ మాట్లాడుతుంది. అంతా విని, "నేను అత్తమ్మతో చెప్పిన. మీరు మొదటి దోసిలి పోస్తేనే నేను పోస్త, లేకుంటే నేనూ లోపలే కూర్చుంట అని" అంది. అమ్మ ఏమందని అడిగాను. ఏమీ అనలేదట. సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదట. పొద్దున లేచి మిర్యాలగూడ మామయ్యకు ఫోన్ చేసి, కొత్త బియ్యం వద్దు, ఒక ఏడాది పాతవి అయిదు సేర్లు పక్కన పెట్టమని చెప్పిందట.

పోస్తానని ఇంకా అనలేదు. జూన్ 16 దాకా టైముంది. నేను వెళ్ళేది రెండు వారాల ముందు.